నేల పోయినా దేశం ఉంటుందా?



యానాం ఎంత ఊరో యానాం వారికి చెప్పనక్కరలేదు. గోదావరి పాయ గట్టున సుమారు 30 చదరపు కిలోమీటర్ల నేల. 2011 జనాభా లెక్కల్లో 55 వేల పైచిలుకు జనం. సైకిలు మీద బయలుదేరితే ఒక పూటలో చుట్టి రావచ్చు. అంతకంటే చిన్న నేల మీద, అందులో అయిదో వంతు జనంతో, ఒక సర్వస్వతంత్ర దేశం ఉన్నదంటే వినడానికి వింతగానే ఉంటుంది. ఆ దేశం పేరు టువాలు. పసిఫిక్ మహాసముద్రం నడుమ తొమ్మిది దీవులు. అన్నీ కలిపి 26 చదరపు కిలోమీటర్లు. జనం పదకొండు వేలకు మించరు. అయినా ఆ దేశానికి ఒక పార్లమెంటు ఉంది, ప్రధానమంత్రి ఉన్నాడు, జెండా ఉంది. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో మన భారతదేశానికి ఎన్ని ఓట్లో టువాలుకూ అన్నే. ఒక్కటి.

ఈ దేశంలో కొండ లేదు, గుట్ట లేదు. పగడపు దిబ్బల మీద పేరుకున్న ఇసుకే నేల. చాలా చోట్ల అది సముద్ర మట్టానికి మనిషి ఎత్తుకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. సముద్రమా, ఏటికేడాది పెరుగుతోంది. ప్రపంచ శాస్త్రవేత్తల సంఘం 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం 1901 నుంచి 2018 దాకా సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు, అంటే జానెడు, పెరిగింది. పెరిగే వేగం కూడా ఎక్కువైంది. 2006 తర్వాత ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ వస్తోంది. జానెడే కదా అని మనకు అనిపించవచ్చు. మనిషి ఎత్తు నేల మీద బతికేవాడికి జానెడు చాలా ఎక్కువ.

ఇప్పుడు ఒక ప్రశ్న. రేపు ఆ నేల మనుషులుండడానికి పనికిరాకుండా పోతే, ఆ జనం వేరే దేశాలకు వెళ్ళిపోతే, టువాలు అనే దేశం ఉన్నట్టా, లేనట్టా? వాళ్ళ పాస్‌పోర్టు చెల్లుతుందా? ఐక్యరాజ్యసమితిలో వాళ్ళ కుర్చీ వాళ్ళకుంటుందా? వాళ్ళ సముద్రంలోని చేపలు ఎవరివి? ఈ ప్రశ్న కొత్తదని మనం అనుకుంటాం. నిజానికి పసిఫిక్ దీవుల వారు దీనికి దగ్గరి ప్రశ్నను ఎనభై ఏళ్ళ కిందటే ఎదుర్కొన్నారు. ఆ చరిత్ర తెలిస్తే ఇవాళ వాళ్ళు దేనికి భయపడుతున్నారో, దేనికోసం పట్టుబడుతున్నారో మనకు అర్థమవుతుంది. అందుకని మొదట బనాబా అనే దీవి కథ చెబుతాను.

బనాబా భూమధ్యరేఖకు కాస్త దక్షిణాన ఉన్న ఒంటరి దీవి. విస్తీర్ణం ఆరు చదరపు కిలోమీటర్లు. అక్కడ ఏరు లేదు, చెరువు లేదు. వాన కురవని కాలంలో ఆడవాళ్ళు నేల కింది గుహల్లోకి పాకి వెళ్ళి, కొబ్బరి చిప్పలతో నీళ్ళు ముంచి తెచ్చుకునేవారు. కరువు వచ్చిందంటే జనం వందల్లో చచ్చిపోయేవారు. అయినా ఆ దీవిని విడిచిపెట్టలేదు. ప్రతి కుటుంబానికీ తన చెట్లు, తన నేల, తన నీటి గుహ ఎక్కడున్నాయో తెలుసు. భూమి లేనివాడు అక్కడ మనిషి కింద లెక్క కాదు.

1900వ సంవత్సరంలో ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో ఒక చిన్న సంగతి జరిగింది. ఒక వర్తక సంస్థ కార్యాలయంలో తలుపు కొట్టుకోకుండా ఒక రాయిని అడ్డం పెట్టుకునేవారు. ఆల్బర్ట్ ఎలిస్ అనే ఉద్యోగికి ఆ రాయి మీద అనుమానం వచ్చి పరీక్ష చేయించాడు. అది మామూలు రాయి కాదు, మేలు రకం ఫాస్ఫేటు. పొలాలకు ఎరువుగా బంగారమంత విలువైనది. ఆ రాయి వచ్చిన దీవులను వెతుక్కుంటూ ఎలిస్ ఆ ఏడాది మే 3వ తేదీన బనాబాలో దిగాడు. దిగిన వెంటనే అక్కడి పెద్దమనిషి ఒకాయన్ని రాజుగా లెక్కవేసి, ఆయన చేత ఒక కాగితం మీద గీత పెట్టించాడు. ఆ దీవికి రాజు అంటూ ఎవరూ లేరు. కాగితంలో ఉన్నదేమిటంటే, దీవిలోని ఫాస్ఫేటు మొత్తం 999 సంవత్సరాల పాటు తవ్వుకునే హక్కు సంస్థది. దానికి ప్రతిఫలం ఏడాదికి 50 పౌన్లు.

ఆ తర్వాత బ్రిటిషు జెండా ఎగిరింది. 1920లో బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజీలాండు మూడు ప్రభుత్వాలు కలిసి ఆ గనులను కొనేసి, ఒక సంఘం ద్వారా నడిపించాయి. బనాబా మట్టి ఓడలకెక్కి ఆస్ట్రేలియా గోధుమ పొలాల్లోనూ, న్యూజీలాండు పచ్చిక బీళ్ళలోనూ చల్లబడింది. ఇంకా భూమి కావాలని అడిగితే, 1927, 28 నాటికి బనాబా వారు కుదరదన్నారు. ప్రభుత్వం చట్టం చూపించి బలవంతంగా తీసుకున్నది. మొత్తం మీద 1979లో గనులు మూతపడే నాటికి ఆ చిన్న దీవి నుంచి తరలిపోయిన ఫాస్ఫేటు రెండు కోట్ల టన్నులకు పైమాటే. మిగిలింది మొనదేలిన సున్నపురాయి స్తంభాలు, గోతులు. నీటి గుహల్లో చాలా భాగం చెడిపోయింది.

ఈ లోపల రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1942 ఆగస్టులో జపాను సేనలు దీవిని ఆక్రమించి, జనాన్ని తిండి లేదన్న కారణం చెప్పి వేరే దీవులకు చెల్లాచెదురు చేశాయి. వెనుక మిగిలిన మగవాళ్ళను, వందమందికి పైగా, 1945లో జపాను లొంగిపోయిన తర్వాత కాల్చి చంపారు. వాళ్ళలో బతికి బయటపడింది ఒక్కడు. యుద్ధం అయిపోయాక బ్రిటిషు అధికారులు చెదిరిన బనాబా వారిని ఒకచోటికి చేర్చారు. మీ ఇళ్ళు కూలిపోయాయి, దీవి నివాసానికి పనికిరాదు, మీకు వేరే దీవి ఉంది పదండి అన్నారు.

ఆ వేరే దీవి ఫిజీ దేశంలోని రాంబి. బనాబాకు సుమారు రెండు వేల కిలోమీటర్ల దూరం. దాన్ని 1942లోనే కొన్నారు. ఎవరి డబ్బుతో? బనాబా వారికి గనుల మీద రావలసిన రాయల్టీ సొమ్ముతో. తమ ఊరిని తవ్వి అమ్మగా వచ్చిన డబ్బుతోనే తమకు పరాయి ఊరు కొని పెట్టారన్న మాట. 1945 డిసెంబరు 15వ తేదీన ఏడువందల మంది బనాబా వారు, వారితో మూడువందల మంది ఇతర దీవుల వారు రాంబి తీరంలో దిగారు. ఉండడానికి ఉన్నవి గుడారాలు. అది తుఫానుల కాలం. ఆ చలికీ వానకూ అలవాటు లేని ముసలివాళ్ళు, పిల్లలు కొందరు ఆ మొదటి రోజుల్లోనే పోయారు. రెండేళ్ళ తర్వాత ఉంటారా, పోతారా అని ఓటు పెడితే ఉంటామన్నారు. కానీ బనాబా మీద మా హక్కు వదులుకోమన్నారు.

ఇక్కడ మీరు గమనించవలసిన సంగతి ఒకటుంది. బనాబాలో నాలుగు ఊళ్ళుండేవి. తబ్వేవా, ఊమా, తబియాంగ్, బువాకోనికాయ్. రాంబిలో కట్టుకున్న నాలుగు ఊళ్ళకూ ఆ నాలుగు పేర్లే పెట్టుకున్నారు. పాత ఊరిలో ఎవరు ఎక్కడివారో కొత్త ఊరిలోనూ అక్కడివారే. వలస వెళ్ళినవాళ్ళు ఊరిపేరు మోసుకువెళ్ళడం మనకు తెలియని పని కాదు. మన ఇంటిపేర్లలో సగం, ఇప్పుడు మనం చూడని ఊళ్ళ పేర్లే.

బనాబా వారు తర్వాత లండన్ వెళ్ళి కోర్టులో దావా వేశారు. 1975, 76లలో రెండువందల రోజులకు పైగా విచారణ సాగింది. న్యాయమూర్తి మెగరీ స్వయంగా ఆ దీవులకు వెళ్ళి చూసి వచ్చాడు. వాళ్ళకు అన్యాయం జరిగిందన్న సంగతి తీర్పు చదివినవారికి తెలుస్తూనే ఉంటుంది. అయితే ప్రభుత్వానికి వాళ్ళ పట్ల ఉన్న బాధ్యత కోర్టులో అమలు చేయించదగిన రకం కాదని తేలింది. ఎందుకని? వాళ్ళు ఒక దేశం కాదు. ఒక వలస రాజ్యంలో ఒక మూల. వాళ్ళ తరఫున ఒప్పందం చేసుకునే ప్రభుత్వం వాళ్ళది కాదు, వాళ్ళ భూమిని తీసుకున్న ప్రభుత్వమే. సార్వభౌమత్వం అనే పెద్ద మాటకు అసలు అర్థం ఈ కథలో ఉంది. తన సంగతి తాను మాట్లాడుకునే హక్కు ఉండడమే సార్వభౌమత్వం. అది లేనివాడికి నష్టపరిహారం దయాధర్మంగా వస్తుంది, హక్కుగా రాదు.

1979 జూలై 12న గిల్బర్ట్ దీవులు కిరిబాటి పేరుతో స్వతంత్రమయ్యాయి. రాసేది కిరిబాటి అని, పలికేది కిరిబాస్ అని. గిల్బర్ట్స్ అన్న ఇంగ్లీషు మాటే ఆ భాషలో అలా మారింది. తమను విడిగా ఉంచమని బనాబా వారు కోరినా, బనాబాను కిరిబాటిలోనే కలిపారు. అయితే ఆ దేశ రాజ్యాంగంలో బనాబా వారికోసం ఒక ప్రత్యేక అధ్యాయం పెట్టారు. బనాబాలోని భూమి మీద వారి హక్కులకు భంగం రాదు. వారు ఎప్పుడు కావాలన్నా ఆ దీవికి రావచ్చు. ఫిజీలో ఉన్న రాంబి ప్రజలు పరాయి దేశమైన కిరిబాటి పార్లమెంటుకు ఒక ప్రతినిధిని పంపవచ్చు. ఒక దేశంలో నివాసం, మరో దేశపు పార్లమెంటులో కుర్చీ. ఇటువంటి ఏర్పాటు అసాధ్యం అనేవారికి ఇది నలభై ఏళ్ళకు పైగా నడుస్తున్న జవాబు.

రాంబికి దగ్గరలోనే కియోవా అనే మరో దీవి ఉంది. దాని కథ వేరు. టువాలులో వైతుపు అనే దీవి వారు యుద్ధకాలంలో అమెరికా సైన్యం దగ్గర పనిచేసి కూడబెట్టిన డబ్బుతో 1946లో కియోవాను కొన్నారు. మరుసటి ఏడాది 37 మంది మొదటి జట్టుగా వెళ్ళారు. వాళ్ళను ఎవరూ తరమలేదు. జనం పెరుగుతున్నారు, నేల చాలదు, ముందుచూపుతో వేరే చోటు చూసుకుందాం అనుకుని వెళ్ళారు. ఇవాళ్టికీ కియోవాలో టువాలు భాషే మాట్లాడతారు. కానీ కియోవా ఫిజీలో భాగం, టువాలులో కాదు. రాంబి, కియోవా ప్రజలకు ఫిజీ పౌరసత్వం పూర్తిగా దక్కడానికి 2005 దాకా పట్టింది. భూమి కొనుక్కోవచ్చు, దేశాన్ని కొనుక్కోలేం అన్నది కియోవా నేర్పిన పాఠం.

మూడో కథ కూడా ఉంది. 1938 తర్వాత గిల్బర్ట్ దీవుల్లో ఇరుకు తగ్గించడానికి బ్రిటిషువారు కొంతమందిని ఫీనిక్స్ దీవులకు పంపారు. అక్కడ నీటి ఎద్దడి. పాతికేళ్ళు గడవక ముందే, 1963 నాటికి, వాళ్ళను అక్కడి నుంచి లేవదీసి సాలొమన్ దీవుల్లో దింపారు. అంటే ఒక్క జీవితకాలంలో రెండు వలసలు. ఈ మూడు కథలూ విని పెరిగినవారే ఇవాళ పసిఫిక్ దేశాలను నడుపుతున్నవారు. మీరు వేరేచోటికి వెళ్ళిపోతే సరిపోతుంది కదా అని ఎవరైనా తేలిగ్గా అంటే వాళ్ళకు కోపం ఎందుకు వస్తుందో ఇప్పుడు మీకు తెలిసే ఉంటుంది.

ఇక న్యాయశాస్త్రం ఏమంటుందో చూద్దాం. 1933లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో అమెరికా ఖండాల దేశాలు ఒక ఒప్పందం చేసుకున్నాయి. దేశం అనిపించుకోవాలంటే నాలుగు ఉండాలన్నాయి. స్థిరంగా ఉండే జనం, హద్దులున్న నేల, ప్రభుత్వం, ఇతర దేశాలతో సంబంధాలు పెట్టుకోగల శక్తి. ఈ నాలుగూ దేశం పుట్టడానికి చెప్పిన లక్షణాలు. ఉన్న దేశం చావడానికి చెప్పినవి కావు. నేల మాయమైతే ఏం కావాలో ఆనాడు ఎవరూ ఆలోచించలేదు, ఆ అవసరమూ రాలేదు.

చరిత్రలో కొంత ఆధారం లేకపోలేదు. 1870లో ఇటలీ రోము నగరాన్ని కలుపుకున్నాక పోపుకు రాజ్యం లేకుండా పోయింది. 1929లో వాటికన్ ఏర్పడే వరకు, అంటే 59 సంవత్సరాలు, పోపు పీఠానికి నేల లేదు. అయినా దేశాలు ఆ పీఠానికి రాయబారులను పంపుతూనే వచ్చాయి. మాల్టా వీరుల సంఘం 1798లో నెపోలియన్ చేతిలో మాల్టా దీవిని పోగొట్టుకుంది. ఇప్పటికీ వందకు పైగా దేశాలతో దౌత్య సంబంధాలు నడుపుతోంది. కనుక నేల లేకుండా అంతర్జాతీయ గుర్తింపు నిలవడం జరగని పని కాదు. అయితే పోపు పీఠానికి కోట్ల మంది భక్తులున్నారు. పదివేల మంది జాలరులకు ఆ గౌరవం దక్కుతుందా అన్నదే సందేహం.

సముద్రం సంగతి ఇంకా చిక్కు. 1982 సముద్ర చట్టం ప్రకారం ప్రతి తీరదేశానికీ ఒడ్డు నుంచి 200 నాటికల్ మైళ్ళ వరకు, అంటే 370 కిలోమీటర్ల వరకు, చేపల మీదా సముద్ర గర్భం మీదా హక్కు ఉంటుంది. టువాలు నేల 26 చదరపు కిలోమీటర్లే అయినా దాని సముద్రం ఏడు లక్షల చదరపు కిలోమీటర్లకు మించి ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే వచ్చే విస్తీర్ణానికి రెండింతల కంటే ఎక్కువ. కిరిబాటి సముద్రం సుమారు 35 లక్షల చదరపు కిలోమీటర్లు. భారతదేశపు నేల కంటే ఎక్కువే. ట్యూనా చేపలు పట్టుకునే విదేశీ ఓడలు కట్టే రుసుము మీదే ఈ దేశాల ఖజానా చాలావరకు నడుస్తుంది. మనుషులు నివసించలేని ఉత్త రాతిదిబ్బకు ఈ 200 మైళ్ళ హక్కు ఉండదని అదే చట్టంలో ఒక మాట ఉంది. దీవి మీద మనుషులు ఉండలేని రోజు వస్తే, అది రాతిదిబ్బ కింద లెక్కా? అలా లెక్క వేస్తే, పొగ గొట్టాలు వాళ్ళవి కాకపోయినా ఇల్లూ పోతుంది, జీవనాధారమూ పోతుంది.

ఈ ప్రమాదాన్ని దీవుల వారు ముందుగానే పసిగట్టారు. 1989 నవంబరులో మాల్దీవుల రాజధాని మాలేలో చిన్న దేశాలు సమావేశమయ్యాయి. మరుసటి ఏడాది చిన్న ద్వీప దేశాల కూటమి ఏర్పడింది. 2009 అక్టోబరు 17న మాల్దీవుల అధ్యక్షుడు నషీద్ తన మంత్రులతో సముద్రం అడుగున సమావేశం జరిపితే లోకం నవ్వుతూ చూసింది, చూసి కొంచెం ఆలోచించింది. 2014లో కిరిబాటి ప్రభుత్వం ఫిజీలో ఇరవై చదరపు కిలోమీటర్ల చిల్లర భూమి కొన్నది. గౌరవంగా వలస వెళ్ళాలి, శరణార్థులుగా కాదు అన్నది అప్పటి అధ్యక్షుడు అనోటే టాంగ్ మాట. కానీ 2016లో వచ్చిన కొత్త ప్రభుత్వం వలస మాట తగ్గించి, ఉన్నచోటనే ఉండే మార్గం చూడాలన్నది.

శరణార్థి అన్న మాటకు న్యాయశాస్త్రంలో ఒక అర్థం ఉంది. 1951 ఒప్పందం ప్రకారం జాతి, మతం, రాజకీయ అభిప్రాయం వంటి కారణాలతో ఎవరైనా వేధిస్తే పారిపోయి వచ్చినవాడే శరణార్థి. సముద్రం వేధిస్తే కాడు. కిరిబాటి నుంచి న్యూజీలాండు వెళ్ళిన ఒక వ్యక్తి ఈ కారణం మీదే ఆశ్రయం అడిగితే, 2015లో అక్కడి సుప్రీంకోర్టు కుదరదన్నది. ఆయన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘానికి వెళ్ళాడు. 2020 జనవరిలో వెలువడిన నిర్ణయంలో ఆయన ఓడిపోయాడు. కానీ ప్రాణానికి ముప్పు ఉన్నంతగా పరిస్థితులు చెడిపోయిన చోటికి మనుషుల్ని తిప్పి పంపడం తప్పు కావచ్చునని సంఘం ఒప్పుకుంది. వ్యాజ్యం పోయినా దారి మిగిలింది.

ఇక టువాలు దగ్గరకు వద్దాం. టువాలు అంటే ఆ భాషలో కలిసి నిలబడిన ఎనిమిది అని అర్థం. తొమ్మిది దీవుల్లో మొదటినుంచీ జనం ఉన్నవి ఎనిమిది. 1974లో ఓటు వేసి గిల్బర్ట్ దీవుల నుంచి విడిపోయి, 1978 అక్టోబరు 1న స్వతంత్రమైంది. 2000లో ఐక్యరాజ్యసమితిలో చేరింది. 2021లో ఆ దేశ మంత్రి సైమన్ కోఫే మోకాలి లోతు సముద్రపు నీటిలో నిలబడి ప్రపంచ సభకు తన ప్రసంగం వినిపించాడు. ఆ బొమ్మ మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ ఏడాదే పసిఫిక్ దేశాలన్నీ కలిసి, సముద్రం పెరిగి ఒడ్డు జరిగినా మా సముద్రపు హద్దులు జరగవని ప్రకటించాయి. 2023లో టువాలు తన రాజ్యాంగాన్ని సవరించుకుని, వాతావరణ మార్పు వల్ల నేల పోయినా తన దేశం శాశ్వతంగా కొనసాగుతుందని రాసుకుంది.

అదే 2023 నవంబరులో ఆస్ట్రేలియాతో ఒక ఒప్పందం చేసుకుంది. పేరు ఫలెపిలి. ఇరుగుపొరుగు ఒకరినొకరు సొంతవారిలా చూసుకోవడం అని ఆ మాటకు అర్థం. 2024 ఆగస్టు నుంచి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం ఏడాదికి 280 మంది టువాలు వారు ఆస్ట్రేలియాకు శాశ్వత నివాసానికి వెళ్ళవచ్చు, తిరిగి రావచ్చు. 2025లో మొదటిసారి పేర్లు నమోదు చేసుకోమంటే కుటుంబసభ్యులతో కలిపి 8,750 పేర్లు వచ్చాయి. దేశంలో నూటికి ఎనభై మంది. సముద్రం పెరిగినా టువాలు దేశంగానే ఉంటుందని ఆస్ట్రేలియా ఆ ఒప్పందంలో రాతపూర్వకంగా ఒప్పుకుంది. దానికి బదులుగా టువాలు మరే దేశంతోనైనా రక్షణ ఒప్పందం చేసుకోవాలంటే ఆస్ట్రేలియా అంగీకారం తీసుకోవాలి. దేశంగా నిలవడానికి దేశపు హక్కులో కొంత తాకట్టు పెట్టినట్టయిందని ఆ దేశంలోనే కొందరు అభ్యంతరం చెప్పారు. బనాబా మట్టి ఏ దేశపు పొలాలకు వెళ్ళిందో, దాని పక్క దీవుల మనుషులు ఇప్పుడు ఆ దేశానికే వెళుతున్నారు. ఈసారి తేడా ఏమిటంటే, కాగితం మీద సంతకం పెట్టింది వాళ్ళు ఎన్నుకున్న ప్రభుత్వం.

2025 జూలై 23న హేగ్ నగరంలోని అంతర్జాతీయ న్యాయస్థానం తన అభిప్రాయం చెప్పింది. ఈ ప్రశ్నను అక్కడిదాకా తీసుకువెళ్ళింది వనువాటు దేశం. దాని వెనుక 2019లో ఈ ఆలోచన మొదలుపెట్టిన పసిఫిక్ విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర విద్యార్థులున్నారు. ఒకసారి ఏర్పడిన దేశం, దాని లక్షణాల్లో ఒకటి మాయమైనంత మాత్రాన దేశం కాకుండా పోనవసరం లేదని న్యాయస్థానం అన్నది. సముద్రం పెరిగిందని హద్దుల పటాలు మార్చుకోనవసరం లేదనీ చెప్పింది. ఇది సలహా మాత్రమే. అయినా నూట ఇరవై అయిదేళ్ళ కిందట ఒక గీత పెట్టించుకుని దీవిని రాయించుకున్న లోకం, ఇంతదూరం వచ్చింది.

ఒక మాట చెప్పకపోతే సత్యానికి అన్యాయం చేసినట్టవుతుంది. టువాలు నేల రోజు రోజుకూ తరిగిపోతోందని అందరూ అనుకుంటారు. న్యూజీలాండు పరిశోధకులు పాత విమాన చిత్రాలూ కొత్త ఉపగ్రహ చిత్రాలూ పోల్చి చూసి, 1971 నుంచి 2014 వరకు ఆ దీవుల మొత్తం విస్తీర్ణం దాదాపు మూడు శాతం పెరిగిందని 2018లో తేల్చారు. అలలు పగడపు ఇసుకను ఒకచోట కోసి మరోచోట వేస్తాయి. మరి భయం దేనికి? నేల ఉండడం వేరు, నేల మీద బతకగలగడం వేరు. ఆటుపోట్లు పెద్దవైనప్పుడు ఉప్పునీరు నేలలోంచి ఊరి పైకి వస్తుంది. అక్కడివారు గోతులు తవ్వి పండించుకునే చేమదుంప లాంటి పంట పాడవుతుంది. తాగునీరు ఉప్పబారుతుంది. దీవి మునగకముందే వంటిల్లు మునుగుతుంది. ఈ సంగతి మన గంజాం తీరంలో ఋషికుల్య ముఖద్వారం దగ్గరి పొడంపేట తెలుగు జాలరులకు ఎవరూ చెప్పనక్కరలేదు. సముద్రం వాళ్ళ ఇళ్ళ వరస తర్వాత వరస తీసుకుపోతే, వాళ్ళు లోపలికి జరిగి కొత్త కాలనీలో కాపురాలు పెట్టుకున్నారు. కాకినాడ దగ్గర ఉప్పాడ వారికీ తెలుసు. కాకపోతే వీళ్ళు వెనక్కు జరగడానికి వెనుక ఒక దేశం ఉంది. టువాలు వారికి వెనుక ఉన్నదీ సముద్రమే.

ఫిజీ అన్న పేరు ఈ ప్రసంగంలో చాలాసార్లు వచ్చింది. అది మన తెలుగువారికీ కొత్త కాదు. 1903 నుంచి 1916 వరకు మద్రాసు రేవు నుంచి చెరకు తోటల్లో కూలికి వెళ్ళినవారిలో గోదావరి, కృష్ణా, విశాఖ జిల్లాల వారున్నారు. 1926లో దక్షిణాది వారంతా కలిసి అక్కడ ఒక సంగం పెట్టుకున్నారు. 1941లో తెలుగువారు విడిగా ఆంధ్ర సంగం పెట్టుకున్నారు. బడులు కట్టించారు. అయినా వాళ్ళ మనుమలు ఇవాళ ఇంట్లో ఎక్కువగా మాట్లాడేది ఫిజీ హిందీ. బడి, సంఘం, పండుగ ఉన్నా భాష నిలవడం కష్టమైంది. అదే ఫిజీలో, రాంబి వారు ఎనభై ఏళ్ళ తర్వాత కూడా తమ మాట మాట్లాడుకుంటున్నారు. వాళ్ళు ఒక దీవిలో ఒకచోట కలిసి ఉన్నారు. తమ వ్యవహారాలు చూసుకోవడానికి తమ సభ ఒకటి ఏర్పరచుకున్నారు. తిరిగి వెళ్ళే హక్కు రాజ్యాంగంలో ఉంది. విడివిడిగా చెదిరిపోవడానికీ, ఊరుగా తరలిపోవడానికీ ఉన్న తేడా ఇది.

తమిళనాట, కన్నడ నాట, ఒడిశాలో, షోలాపురంలో తరతరాలుగా స్థిరపడిన మీకు ఈ తేడా అనుభవంలో ఉన్నదే. నేల మారినా ఇంటి మాట నిలబెట్టుకోవడానికి ఎంత శ్రమ పడాలో మీకు తెలుసు. కానీ ఎక్కడో ఒక తెలుగు నేల ఉన్నదన్న ధైర్యం మనకుంది. పండక్కో పెళ్ళికో వెళ్ళకపోయినా, అది ఉన్నది. ఆ ధైర్యం లేకుండా బతకవలసి వస్తుందేమోనని భయపడుతున్నారు టువాలు వారు. వాళ్ళు కోరుతున్నది జాలి కాదు. నేల ఉన్నా పోయినా, తమ సంగతి తామే మాట్లాడుకునే హక్కు. బనాబా వారికి ఆనాడు లేనిది అదే.

టువాలు పిల్లవాడు రేపు ఆస్ట్రేలియాలో పుట్టవచ్చు. నీది ఏ ఊరని అడిగితే వాడు ఏ దీవి పేరు చెబుతాడన్నది వాళ్ళ ఇళ్ళలో పెద్దలు ఏం చెబుతారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఆ పేరు పటంలో ఉంటుందా, ఉండదా అన్నది మాత్రం మనందరి మీదా, మనం కాల్చే బొగ్గు మీదా, పెట్రోలు మీదా ఆధారపడి ఉంటుంది.